పరుగు మాత్రం అడక్కండి

భవానీపురంలో మా వీధి మలుపు దగ్గర కరెంటు స్తంభానికి మాస్టారి ఫ్లెక్సీ కట్టారు. పైన ఆయన ఫొటో, దానికో దండ, కింద 'రక్తదాన వీరుడు, పరుగుల యోధుడు, మా మాస్టారికి అశ్రునివాళి' అని ఎర్రటి అక్షరాలు. ఆ కింద వరసగా ఆరుగురి మొహాలు, ఆయన మొహం కన్నా పెద్దవిగా, చేతులు జోడించి నవ్వుతూ. అశ్రునివాళి అట, నవ్వుతూ! స్కూటీ ఆపి ఆ ఆరు మొహాలూ ఒక్కొక్కటే చూశాను. మధ్యలో ఉన్న తెల్ల చొక్కా మనిషిని గుర్తుపట్టగానే ఒళ్ళు మండిపోయింది. వీడా? ఆయనకి నివాళి ఇచ్చేది వీడా?

నా సంగతి ముందే చెప్పేస్తాను. నేను ఈ ఊళ్ళోనే ఒక బ్లడ్ బ్యాంకులో ఇరవై రెండేళ్ళుగా టెక్నీషియన్ని. కోపం ఎక్కువని పేరు. మా ఆయన కూడా ఆదివారం పూట నాతో మాట్లాడే ముందు మొహం చూసి మాట్లాడతారు. ఇరవై రెండేళ్ళు రక్తం అడుక్కునే ఉద్యోగం చేస్తే ఎవరికైనా కోపమే మిగులుతుంది. ఆస్పత్రి వరండా నిండా చుట్టాలు ఉంటారు, రక్తం అనగానే ఒక్కొక్కరికి ఒక్కో పని గుర్తొస్తుంది. షుగర్, బీపీ, ఉపవాసం, బస్సు టైం. చూసీ చూసీ విసిగిపోయాను.

మాస్టారు ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పేవారు. సొంతూరు చల్లపల్లి పక్కన. మాగాణి అన్నదమ్ముల చేతిలో పెట్టి, చదువు పట్టుకుని ఇక్కడికొచ్చారు. అంతకుమించి ఆయన వంశం, చరిత్ర నాకు తెలియవు. నాకు తెలిసింది ఆయన ఎడమచెయ్యి. మోచేతి మడతలో నరం ఎక్కడుందో కళ్ళు మూసుకుని చెప్పగలను.

మొదటిసారి వచ్చినప్పుడు మా వాచ్‌మన్ ఆయన్ని పేషంట్ల బెంచీ మీద కూర్చోబెట్టాడు. తప్పు వాడిది కాదు. బక్కపల్చటి మనిషి, లోపలికి పోయిన బుగ్గలు, పెద్ద చెవులు, ఎండకి కమిలిపోయిన రంగు. అరగంట కూర్చుని, ఎవరూ పిలవకపోతే తనే లోపలికి వచ్చి, "నేను తీసుకోవడానికి కాదండీ, ఇవ్వడానికొచ్చాను" అన్నారు. నేను నమ్మలేదు. వేలు గుచ్చి చూస్తే రక్తం పద్నాలుగు పాయింట్లకి పైనే ఉంది. మీసాలు మెలేసుకుని వచ్చే జిమ్ కుర్రాళ్ళకి కూడా అంత ఉండదు.

"ఏం తింటారండీ?" అని అడిగాను.

"తోటకూర, నువ్వులుండ, వారానికోసారి మేక లివరూ. పైన ఉసిరికాయ. అన్నం తిన్నాక గంట దాకా టీ ముట్టను. మీరు తాగుతున్నారు చూడండి, ఇప్పుడు, క్యారేజీ మూత పెట్టీ పెట్టకుండా... తిన్న ఇనుమంతా ఆ గ్లాసులో పోతుంది."

పరిచయమై పావుగంట కాలేదు, నా టీ మీద పడ్డారు. నేను ఆయన వైపు చూస్తూనే గ్లాసు ఖాళీ చేశాను. ఆయన నవ్వారు. అలా మొదలైంది మా స్నేహం. స్నేహం అనొచ్చో లేదో ఇప్పుడు నాకు తెలియదు.

ఆయనది ఓ నెగెటివ్. మా రంగంలో ఆ గ్రూపు మనిషి దొరికితే ఇల్లు కనిపెట్టుకుని ఉంటాం. ఆయన మూడు నెలలకొకసారి పిలవకుండానే వచ్చేవారు. తొంభై రోజులు నిండాలని రూలు. ఒకసారి ఎనభై తొమ్మిదో రోజున వచ్చారు. ఫిబ్రవరి మధ్యలో పడి లెక్క తప్పిందట, లెక్కల మాస్టారికి! కార్డు చూసుకుని తనే నాలుక కరుచుకుని లేచారు.

"ఒక్క రోజేగా మాస్టారూ, పడుకోండి" అన్నాను.

"ఒక్క మార్కేగా సార్, వేసెయ్యండని మా పిల్లలూ అంటారండీ" అని చక్కా వెళ్ళిపోయి మర్నాడు అదే టైముకి వచ్చారు.

ఇవ్వడం అయ్యాక ఆయన పద్ధతులు ఆయనకి ఉండేవి. లేచే ముందు రెండు బూట్ల లేసులూ విప్పి మళ్ళీ కట్టుకునేవారు. బయట బెంచీ మీద చేతి గడియారం చూసుకుంటూ సరిగ్గా పదిహేను నిమిషాలు కూర్చునేవారు. మేం ఇచ్చే డబ్బా జ్యూసు తాగేవారు కాదు, స్టీలు సీసాలో ఉప్పేసిన మజ్జిగ తెచ్చుకునేవారు. సర్టిఫికెట్ ఇస్తే వెనకవైపు తెల్లగా ఉందని దాని మీద పిల్లలకి లెక్కలు చేసి చూపించేవారట.

ఒక నాయకుడి పుట్టినరోజుకి పెద్ద శిబిరం పెట్టారు. పేపరువాళ్ళు రావడానికి ముందు పేరున్న దాతలు కావాలని కార్యకర్తలు ఇద్దరు మాస్టారి కాలేజీకే వెళ్ళారు. ఆయన అప్పటికి ఇచ్చి డెబ్బై రెండు రోజులైంది. అదే చెప్పారు. "సూది గుచ్చం మాస్టారూ, ఊరికే పడుకోండి, ఫొటో తీసుకుని పంపేస్తాం" అన్నారట వాళ్ళు. "ఊరికే పడుకోవడానికి మా ఇంట్లో మంచం ఉంది నాయనా" అని మళ్ళీ బోర్డు వైపు తిరిగారట. ఆ శిబిరంలో తీసిన రక్తం సగం వాడకుండానే గడువు దాటి పారబోశాం. ఎందుకంటే ఊరంతా ఒకే రోజున పుణ్యం చేసేసింది. ఆ తర్వాతి నెలలో తలసీమియా పిల్లలకి ఎక్కించడానికి లేక మేం రోడ్డున పడ్డాం. ఈ ఊళ్ళో పుట్టినరోజులకి ఉన్నంత రక్తం జబ్బులకి ఉండదు.

ఇక పరుగు. ఆయన రోజూ తెల్లవారకముందే పున్నమి ఘాట్ వైపు నుంచి బయల్దేరి బ్యారేజీ దాటి కరకట్ట మీద దూరాలు పరుగెత్తేవారు. ఆదివారాలు ఇరవై, పాతిక, ముప్ఫై కిలోమీటర్లు. నేను నా జన్మలో బస్సు కోసం తప్ప పరుగెత్తలేదు కాబట్టి మొదట్లో నాకు అది పిచ్చిలాగానే కనపడేది. ఆ మాటే అన్నాను కూడా.

"రక్తం ఇచ్చేవాడు పరుగెత్తకూడదు, పరుగెత్తేవాడు ఇవ్వకూడదు అంటారండీ అందరూ. రెండూ చెయ్యొచ్చు. లెక్క కావాలంతే" అనేవారు.

ఆ లెక్క నాకు కాగితం మీద గీసి చూపించారు. పందెం అయిన నాలుగో రోజున రక్తం ఇవ్వాలి. ఇచ్చిన మర్నాడు నడక మాత్రమే. రెండు రోజులు పోయాక చెమట పట్టనంత నెమ్మదిగా పరుగు. మూడు వారాలు దాటాకే వేగం. ఆ తర్వాత ఒంట్లో రక్తం పూర్తిగా నిండేదాకా మెల్లమెల్లగా దూరం పెంచుకుంటూ పోవాలి. ఆ మొదటి మూడు వారాలూ ఆయన కరకట్ట మీద రిటైరైన పెద్దమనుషుల పక్కన వాళ్ళతో సమానంగా పోతుండేవారట. "ఏం మాస్టారూ, బండి రిపేరా?" అని వాళ్ళు ఏడిపిస్తే, "సర్వీసింగండీ" అనేవారట.

ఆయనకి ఒక్క కోరిక ఉండేది. నలభై రెండు కిలోమీటర్ల పూర్తి మారథాన్ నాలుగు గంటల లోపు పూర్తి చెయ్యాలి. ప్రైజు వస్తుందని కాదు. ఆ టైముకి ఏ ప్రైజూ రాదు. ముందు వచ్చేవాళ్ళు అప్పటికి స్నానాలు చేసి టిఫిన్లు తింటూ ఉంటారట. "మరి ఎందుకండీ?" అంటే ఆయన కొంచెం సిగ్గుపడ్డారు. "నేను జీవితంలో అన్నీ వేరేవాళ్ళ టైం ప్రకారం చేశానండీ. కాలేజీ బెల్లు, పిల్లల పరీక్షలు, ఇంటి వాయిదాలు. ఇది నా టైము" అన్నారు. రెండుసార్లు ప్రయత్నించారు. ఒకసారి ఎండ కొట్టి, ఒకసారి పిక్క పట్టేసి, మధ్యలోనే ఆగిపోయారు. అప్పటికే ఆయనకి యాభై దాటింది. మోకాలి డాక్టరు ఇంకొక్కసారి చాలన్నాడు.

ఆ ఏడు జూలైలో రక్తం ఇచ్చి, లేసులు కట్టుకుని, వెళ్ళకుండా నా బల్ల దగ్గర నిలబడ్డారు.

"మేడం, డిసెంబరులో హైదరాబాదులో పందెం ఉంది. ఇదే నాకు ఆఖరుది. ఈసారి ఒంట్లో రక్తం మొత్తం పెట్టుకుని పరుగెత్తాలని ఉంది. అక్టోబరులో నేను రాను. మీరూ దయచేసి ఫోన్ చెయ్యకండి. పందెం అయిన నాలుగో రోజున నేనే వచ్చి పడుకుంటాను."

"అంత బతిమాలాలా మాస్టారూ? చెయ్యనులెండి" అన్నాను.

"మీరు చేస్తే నేను రాకుండా ఉండలేనండీ. అందుకని. రక్తం ఎప్పుడైనా అడగండి ఇస్తాను. ఈ ఒక్క పరుగు మాత్రం అడక్కండి."

దాతల పుస్తకంలో ఆయన పేరు పక్కన ఆయన చూస్తుండగానే ఎర్ర ఇంకుతో 'డిసెంబరు దాకా ఫోన్ చెయ్యరాదు' అని రాశాను. ఆయన తృప్తిగా తలూపి వెళ్ళారు.

పందెం ఇంకా పద్దెనిమిది రోజులుందనగా, మా దగ్గర్లోని నర్సింగ్ హోములో ఒకమ్మాయికి కాన్పై రక్తస్రావం ఆగలేదు. ఓ నెగెటివ్. మా ఫ్రిజ్‌లో ఉన్న ఒక్క సంచీ పంపేశాం. సాయంత్రానికి ఇంకొకటి కావాలని డాక్టరు కబురు పెట్టింది. ఆ అమ్మాయివాళ్ళది గన్నవరం వైపు. పొలాల ధరలు పెరిగాక పైకొచ్చిన కుటుంబం. రెండు కార్లలో పన్నెండుమంది దిగి మా వరండా అంతా నిండిపోయారు. రక్తం కోసం వచ్చాం అన్నారు. అంటే ఇవ్వడానికి కాదు, పట్టుకుపోవడానికి.

నేను ఊరుకోలేదు. మగవాళ్ళందరికీ వేళ్ళు గుచ్చి గ్రూపులు చూశాను. ఆ అమ్మాయి తమ్ముడు, ఇరవై ఎనిమిదేళ్ళవాడు, ఎద్దులా ఉన్నాడు. వాడిది సరిగ్గా ఓ నెగెటివ్! పాయింట్లు పదిహేను. ఆ క్షణంలో నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. తల్లి దగ్గరికి పరుగున వెళ్ళాను.

"అమ్మా, మీ అబ్బాయిది కలిసిందండీ. ఇటు పంపించండి, పావుగంటలో అయిపోతుంది."

"వాడిదా?" అందావిడ. మొహం మాడిపోయింది. "వాడికి ఎల్లుండి పెళ్ళిచూపులమ్మా. నీరసపడి మొహం పీక్కుపోతే పిల్లవాళ్ళు ఏమనుకుంటారు?"

"అక్కడ మీ అమ్మాయి ప్రాణం మీదకొస్తే ఇక్కడ మొహం సంగతేంటండీ?"

"అట్లా కాదు మేడం," మేనత్త అందుకుంది. "ఇవాళ అమావాస్య. అమావాస్య నాడు ఇంటి మగపిల్లాడి ఒంట్లో రక్తం తీయకూడదు. మా ఇంట్లో లేదు అది."

కూతురి ఒంట్లోంచి అమావాస్య నాడే ధారగా పోతోంది. దాని గురించి ఆవిడ పంచాంగంలో ఏమీ రాయలేదు కాబోలు.

వాడు ఫోను చూసుకుంటున్నాడు. "నువ్వు చెప్పవయ్యా" అన్నాను. తలెత్తి, "నాకు సూదంటే భయమండీ" అన్నాడు. ఆ మాటతో వాళ్ళమ్మ వాడి తల నిమిరింది! చెంప పగలగొట్టాలనిపించింది, ఇద్దరివీ.

అప్పుడు తండ్రి ముందుకొచ్చాడు. మెడలో గొలుసు, చేతిలో కారు తాళాలు. "ఎందుకు మేడం ఈ గొడవంతా? మీ దగ్గర లిస్టు ఉంటుందంటగా. అలవాటైనవాళ్ళు ఉంటారంటగా. వాళ్ళని పిలిపించండి" అన్నాడు.

అలవాటైనవాళ్ళు. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో రంపంలా కోస్తుంది.

మా మెడికల్ ఆఫీసరు నన్ను లోపలికి పిలిచి, "ఎందుకమ్మా పెద్దవాళ్ళతో పేచీ? లిస్టు చూడు" అన్నాడు. చూశాను. మా లిస్టులో ఓ నెగెటివ్ నలుగురు. ఒకరు బెంగుళూరులో ఉన్నారు. ఒకరు పోయిన నెలే ఇచ్చారు. ఒకరు ఫోను ఎత్తలేదు. నాలుగో పేరు పక్కన నా చేతి రాత, ఎర్ర ఇంకుతో.

ఇక్కడ నేను నిజం రాయాలి. టైము మధ్యాహ్నం రెండు. సంచీ సాయంత్రానికి కావాలి. ఇంకో పావుగంట గట్టిగా నిలబడి, ఆ తండ్రిని అందరి ముందూ కడిగేసి ఉంటే వాడు పడుకునేవాడు. అలాంటివాళ్ళని ఎంతమందిని పడుకోబెట్టలేదు నేను! ఫోను ఎత్తని మనిషికి ఇంకోసారి చేసి ఉంటే ఎత్తేవాడేమో. నేను రెండూ చెయ్యలేదు. పొద్దున్నుంచీ నిలబడి కాళ్ళు లాగేస్తున్నాయి. ఇంకా అన్నం తినలేదు. వాళ్ళతో అరిచే ఓపిక లేదు. మాస్టారికి ఫోన్ చెయ్యడం అన్నిటికన్నా తేలిక. ఆయన కాదనరని నాకు తెలుసు. ఆ సంగతి ఆయనే నాకు చెప్పారు.

రెండో రింగుకే ఎత్తారు. విషయం చెప్పాను. అవతల పిల్లలు ఏదో సూత్రం వల్లె వేస్తున్నారు.

"వాళ్ళవాళ్ళు ఎవరూ లేరాండీ?" అన్నారు.

"ఉన్నారు మాస్టారూ. ఎవరిదీ కలవలేదు" అన్నాను.

అంత సునాయాసంగా నోట్లోంచి వచ్చేసింది ఆ అబద్ధం.

ఇరవై నిమిషాల్లో వచ్చారు, మెడలో కాలేజీ ఐడీ కార్డు అలాగే వేలాడుతోంది. వస్తూనే చొక్కా చెయ్యి మడిచారు. నేను నరం వెతుకుతున్నట్టు తల దించుకున్నాను. కళ్ళు మూసుకున్నా దొరికే నరం. సంచీ నిండింది. లేచి, లేసులు విప్పి కట్టుకుని, బయట బెంచీ మీద గడియారం చూసుకుంటూ కూర్చున్నారు. నేను అటు వెళ్ళకుండా లోపలే సంచీకి టెస్టులు మొదలుపెట్టాను. ఆ అమ్మాయి బతికింది. దానికి నేను సంతోషించాను, ఇప్పటికీ సంతోషిస్తాను. ఆ అమ్మాయి మీద నాకేమీ కోపం లేదు.

మాస్టారు హైదరాబాదు వెళ్ళారు. నాలుగు గంటల పదకొండు నిమిషాలు. ముప్ఫై కిలోమీటర్ల దాకా లెక్క ప్రకారమే ఉందట. తర్వాత ఊపిరి చాలలేదట. ఇవన్నీ ఆయనతో వెళ్ళిన ఇంకో పరుగుల మనిషి చెప్పాడు, ఆయన చెప్పలేదు. నవంబరులో ఇచ్చిన తొంభై రోజులకి ఎప్పటిలాగే మా తలుపు తోసుకుని లోపలికి వచ్చారు.

"పందెం ఎలా జరిగింది మాస్టారూ?" అని అడిగాను.

"అయిపోయిందండీ" అన్నారు. నవ్వారు. చెయ్యి చాపారు.

ఆ నవ్వు చూసి నేను హమ్మయ్య అనుకున్నాను. పట్టించుకోలేదులే, మంచి మనిషి కదా అనుకున్నాను. ఆ తర్వాత నాలుగేళ్ళు క్రమం తప్పకుండా వచ్చారు. మళ్ళీ పూర్తి మారథాన్ పరుగెత్తలేదు. మోకాలు ఒప్పుకోలేదు. తీరుబడిగా పొద్దున్నే ఐదో ఆరో కిలోమీటర్లు. నా టీ గురించి మాత్రం ఇంకెప్పుడూ ఏమీ అనలేదు. నేను దాన్ని కూడా పట్టించుకోలేదు.

పోయిన నెల తెల్లవారుజామున కరకట్ట మీద నెమ్మదిగా పరుగెత్తుతుంటే వెనకనుంచి కారు గుద్దింది. అక్కడికక్కడే పోయారు. డ్రైవరు నిద్రమత్తులో ఉన్నాడట. విషయం అంత స్పష్టంగా ఉంటే, మూడో రోజుకి మా వీధి కూరగాయల బండి దగ్గర మాట పుట్టింది. "రక్తం ఇచ్చీ ఇచ్చీ ఒంట్లో సత్తువ లేక, కారొస్తుంటే తప్పుకోలేకపోయాడంట పాపం" అని ఒకావిడ వంకాయలు ఏరుకుంటూ అంటోంది. వెనకనుంచి వచ్చిన కారుని రక్తం పద్నాలుగు పాయింట్లున్నవాడు తప్పుకోగలడా, పాతిక పాయింట్లున్నవాడు తప్పుకోగలడా? అక్కడే అందరి ముందూ ఆవిడని దులిపేశాను. ఆవిడ వంకాయలు వదిలేసి వెళ్ళిపోయింది. ఏం లాభం? మా దగ్గరికి వచ్చేవాళ్ళు ఇద్దరు అప్పటికే, "మా ఇంట్లో వద్దంటున్నారు మేడం" అని మానేశారు. బతికినన్నాళ్ళూ ఆయన రెండూ కలిపి చెయ్యొచ్చని చేసి చూపించారు. చచ్చిపోయాక ఆయన్నే సాక్ష్యం చేసి చెయ్యకూడదని చెబుతున్నారు.

మొన్న ఆదివారం కల్యాణమండపంలో సంస్మరణ సభ, రక్తదాన శిబిరం. మమ్మల్నే పిలిచారు. నేను, ఇద్దరు సిస్టర్లు పొద్దున్నే వెళ్ళి ఆరు మంచాలు వేశాం. సంచీలు, సూదులు, పిసకడానికి బంతులు సర్దుకున్నాం. రెండొందల మంది వచ్చారు. ఒకరి తర్వాత ఒకరు మైకులో మాట్లాడారు. టిఫిన్ల దగ్గర తోపులాట. ఆరు మంచాల మీదా ఆరు దుప్పట్లు, మడత నలగకుండా ఉన్నాయి. ఇద్దరు వచ్చి పడుకుని, బంతి పట్టుకుని, ఫొటో తీయించుకుని లేచిపోయారు. సిస్టరు సూది చేతిలోకి తీసుకునేలోపే!

అప్పుడు మైకు దగ్గరికి వచ్చాడు ఫ్లెక్సీలో తెల్ల చొక్కా మనిషి. నాలుగేళ్ళలో లావెక్కాడు, పెళ్ళైంది, ఏదో సంఘానికి కార్యదర్శి అయ్యాడు. సూదంటే భయమన్నవాడు! గొంతు గద్గదం చేసుకుని, "మాస్టారు మా కుటుంబానికి దేవుడు. మా అక్కకి ప్రాణదానం చేశారు. ఆ రోజు మా ఇంట్లో ఎవరి రక్తమూ కలవకపోతే..." అన్నాడు.

ఇంక నావల్ల కాలేదు. మంచాల దగ్గర నుంచే అరిచాను.

"కలిసింది! నీదే కలిసింది! పదిహేను పాయింట్లున్నాయి నీకు. పెళ్ళిచూపులని మీ అమ్మ వద్దంది. అమావాస్య అని మీ అత్త అంది. సూదంటే భయమని నువ్వన్నావు. ఆయన నాలుగు నెలలు దాచుకున్న రక్తం నీ బదులు ధారపోశారు. దేవుడట! ఇదిగో మంచం, ఖాళీగానే ఉంది. రా, వచ్చి పడుకో!"

వాడు మైకులోనే, "నాకు ఇప్పుడు షుగరండీ" అన్నాడు. ఎవరో కిసుక్కున నవ్వారు. వాణ్ణి పక్కకి తీసుకెళ్ళారు. నాకు లోపల ఎంత హాయిగా ఉందో చెప్పలేను. నాలుగేళ్ళ కడుపుమంట ఒక్కసారిగా చల్లారినట్టయింది. మాస్టారి తరఫున మాట్లాడింది నేనొక్కదాన్నే అనుకున్నాను.

సభ ముగిశాక మంచాలు మడుస్తుంటే మాస్టారి భార్య వచ్చారు. సన్నగా, ఆయనలాగే తక్కువ మాటల మనిషి. స్కూల్లో టీచరు. నేను ఆవిణ్ణి అంతకుముందు రెండుసార్లే చూశాను. ముందు వరసలో కూర్చుని అంతా విన్నారు. అప్పటిదాకా నాకు తట్టనేలేదు, వాడి గుట్టు విప్పిన నోటితోనే నా గుట్టూ విప్పుకున్నానని. ఎవరిదీ కలవలేదని మాస్టారికి చెప్పింది నేను.

"క్షమించండమ్మా," అన్నాను. "ఆ రోజు నేను ఆయనతో అబద్ధం..."

"ఆయనకి తెలుసండీ" అన్నారావిడ.

నాకు అర్థం కాలేదు.

"ఆ రోజు ఇచ్చాక బయట బెంచీ మీద కూర్చున్నప్పుడు, ఆ పిల్లాడి తల్లే పక్కన కూర్చుని చెప్పిందంట. మావాడిది కలిసింది గానీ మేమే వద్దన్నాం బాబూ, నువ్వు చల్లగా ఉండాలి అని. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని, 'ఆవిడ నాతో అబద్ధం చెప్పారే' అన్నారు. రెండుసార్లు అన్నారు. ఆ రాత్రి ఏమీ తినలేదు. హైదరాబాదు నుంచి వచ్చాక మాత్రం ఏడ్చారండీ. ఆయన ఏడవడం నేను అప్పుడే చూశాను."

అడక్కుండా ఉండలేకపోయాను.

"మరి నాలుగేళ్ళు వచ్చారు కదమ్మా. తప్పకుండా మూడు నెలలకోసారి వచ్చారు. ఒక్క మాట అనలేదు నన్ను. నవ్వేవారు కూడా. కోపం పోయిందనుకున్నాను."

ఆవిడ నా మొహంలోకి చూశారు.

"ఆయన మీ దగ్గరికి రాలేదండీ. రక్తం ఇవ్వడానికొచ్చారు."

ఆవిడ ఆ మాట కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే, నేను ఏదో ఒకటి తిరిగి అనేదాన్ని.